పన్ను: భయమా, ధర్మమా?



ఎరువులను గూర్చియు, విత్తనములను గూర్చియు, తెగుళ్ళను గూర్చియు ఈ పత్రికలో వ్రాయుట మాకు వాడుక. ఈ మాసమున పన్నులను గూర్చి వ్రాయుచున్నాము. పొలములవెంట తిరుగు డిమాన్‌స్ట్రేటరునకు ఈ ప్రసంగమేల యని కొందరు తలపవచ్చును. కాని నీరు లేని మడిలో ఏ యెరువు పనిచేయును? నీరు కాలువనుబట్టి వచ్చును. కాలువ బాగోగులు పన్నునుబట్టి యుండును. కావున ఇదియు వ్యవసాయవిషయమే.

కొన్ని యేండ్ల క్రిందటి సంగతి. మా స్వగ్రామమునకు దిగువను, అదే పంటకాలువకు చివరనున్న యొక గ్రామమునకు, వరిని తాడు కట్టి వరుసలుగా నాటు పద్ధతి చూపుటకై వెళ్ళితిమి. అచ్చటి వృద్ధరైతొకడు మా మాటలన్నియు నోపికతో విని, "బాబుగారూ, వరుసలు బాగుగనే యున్నవి. నాటుటకు మడిలో నీరేదీ?" అని యడిగెను. పిదప మమ్ము కాలువగట్టు వెంబడి ఎగువకు నడిపించెను. పూడికయు, తూటికాడయు, గుర్రపుడెక్కయు కాలువను సగము మ్రింగియుండెను. గట్టునకు గండ్లు కొట్టియు, గొట్టములు వేసియు నీరు మళ్ళించుకొన్నవారు పెక్కురు కనబడిరి. "ఈ చేలన్నియు లెక్కలో మెట్టయే, బాబూ. త్రాగునది మాత్రము మాగాణి నీరు. తీరువా లేదు గనుక ఈ నీటికి లెక్కయు లేదు. లెక్క లేని నీరు మా దాక రాదు" అని యాతడు చెప్పెను. అట్లు నడచుచుండగా నొక చేను మా కంటబడినది. అది మా యన్నగారిది. అందులో మాకును భాగము కలదు. మేమేమియు పలుకలేక తల వంచుకొంటిమి.

ఆ రాత్రి అన్నగారికడ ఈ మాట కదిపితిమి. ఆయన కోపింపలేదు, నవ్వి మూడు ప్రశ్నలు వేసిరి. "తమ్ముడూ, సర్కారు సొమ్ము ఎవరి సొమ్మురా? మనము కట్టినది పైవారు తినుటకే గదా? అన్యాయపు పన్ను కట్టమన్న చీరాలవారిని మనమే మెచ్చుకొనుచున్నాము గదా?" మాకప్పుడు జవాబు తోచలేదు. తరువాత చాలకాలము యోచించితిమి. ఆ యోచననే మీ ముందు పెట్టుచున్నాము. కడపటి ప్రశ్నతోనే మొదలిడుదము.

చీరాల, పేరాలలు చేనేతకు పేరుపొందిన గ్రామములు. మదరాసు ప్రభుత్వము ఈ రెంటిని కలిపి పురపాలక సంఘముగా జేసెను. అంతకుమున్ను ఏటికి సుమారు 4,000 రూపాయలుగా నుండిన పన్ను సుమారు 40,000 రూపాయలకు పెరిగెను. మాకు పురపాలనము వలదని జనులు మొదట అర్జీలు పెట్టుకొనిరి. అవి ఫలింపకపోగా పన్ను నిరాకరించిరి. కొందరు చెరసాలకు బోయిరి. వారిలో స్త్రీయు నుండెను. 1921వ సంవత్సరము ఏప్రిలు మాసమున గాంధీగారు చీరాలకు వచ్చిరి. పిమ్మట దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులలో అధికభాగము తమ యిండ్లు విడిచి, పురపాలక సంఘపు హద్దులకు వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొనిరి. ఎండకు నెండి, వానకు దడిసి, సుమారు పదునొకండు నెలలు అచ్చట కాపురముండిరి. గోపాలకృష్ణయ్యగారు చెరసాల పాలైరి. కడకు జనులు అలసి తమ యిండ్లకు తిరిగివచ్చిరి; పురపాలక సంఘము నిలిచిపోయెను.

అదే కాలమున గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరిగారి నాయకత్వమున రైతులు భూమిశిస్తు చెల్లింపమనిరి. గ్రామోద్యోగులు పెక్కురు రాజీనామాలిచ్చిరి. 1922 ఫిబ్రవరిలో ఉద్యమము నిలిపివేయుటతో రైతులు శిస్తు చెల్లించిరి.

వీరిని మనము మెచ్చుట న్యాయమే. కాని దేనిని మెచ్చుచున్నామో గుర్తెరుగవలెను. వారు పట్టపగలు, పదిమంది యెదుట, "కట్టము" అని పలికిరి. దొంగలెక్క వ్రాయించుకొని చాటున దాగలేదు. వచ్చిన కష్టమును తామే భరించిరి. పొరుగువాని నెత్తిన వేయలేదు. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. చీరాలవారు పన్నుతోబాటు ఆ యూరి వీధిని, దీపమును, తాము పుట్టి పెరిగిన యింటిని సైతము విడిచి వెళ్ళిరి. మా చేనికి తీరువా లేదంటిమి గాని, మేము నీరు విడిచితిమా? నీరు పుచ్చుకొని పన్ను ఎగవేసితిమి. చీరాలవారి పేరు మా నోట పలుకుటకు మాకు హక్కెక్కడిది?

వేరొక భేదమును కలదు. ఆనాటి పన్నులు జనుల సమ్మతి లేనివి. 1950 జనవరి 26వ తేదీన మన రాజ్యాంగము అమలునకు వచ్చినది. చట్టాధికారము లేనిదే ఏ పన్నును విధింపరాదు, వసూలు చేయరాదు అని దాని 265వ అధికరణము శాసించుచున్నది. ఆ చట్టము చేయువారిని పంపునది మన యోటు. చట్టము చెడ్డదైనచో మార్చుమని యడుగుటకు సభలు గలవు, న్యాయస్థానములు గలవు, ఎన్నికలు గలవు. అవి చాలనప్పుడు చీరాలవారి త్రోవ ఇప్పటికిని మూసికొనిపోలేదు. కాని ఆ త్రోవ నడచువాడు వారివలెనే వెలుగులో నడువవలెను.

ఇక రెండవ ప్రశ్న: పైవారు తినుచున్నారనునది. ఇది పూర్తిగా నబద్ధమని మేమనజాలము. ఐనను ఒక మాట. మన పరపతి సంఘములో కార్యదర్శి లెక్క తప్పినచో మీరేమి చేయుదురు? అప్పు తీర్చుట మానుదురా, సర్వసభ్య సమావేశమున లెక్క యడుగుదురా? అప్పు ఎగవేసినచో నష్టపోవునది కార్యదర్శి కాదు, తోటి సభ్యుడు. నీటిపన్ను సంగతియు నిట్టిదే. ఆంధ్రప్రదేశమున 1997లో చేసిన చట్టముచే కాలువల నిర్వహణము నీటి వినియోగదారుల సంఘముల చేతికి వచ్చినది. ఆ సంఘములకు 2024 డిసెంబరులో మరల ఎన్నికలు జరిగినవి. వసూలైన నీటిపన్నులో భాగము ఆ సంఘపు పనులకు చేరవలెనను ఏర్పాటు కలదు. చేరకున్న నిలదీసి యడుగవచ్చును. కాని తాను బాకీపడి కూర్చున్నవాడు సభలో లేచి లెక్క యడుగుట యెట్లు? రసీదు చేతనున్నవాని గొంతు గట్టిగా పలుకును.

మొదటి ప్రశ్నకు జవాబు అన్నిటికంటె సులభము. సర్కారు సొమ్ము ఎవరి సొమ్ము? 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్టను తలచుకొనుడు. ఏ రైతు, ఎంత సంపన్నుడైనను, ఒంటరిగా గోదావరి నాపగలడా? కాటను దొర యెంత సమర్థుడైనను కూలీల చెమటయు, ఖజానా ధనమును లేక ఒక్క రాయి కదలి యుండునా? ఆ పాత ఆనకట్ట స్థానమున మన కాలమున బారేజి కట్టినదియు ప్రజాధనముతోనే. ఒక్కరివలన గానిదానిని అందరును గూడి చేసికొనుటకు పెట్టుకొన్న వాటాధనమే పన్ను. సహకార సంఘ సభ్యులమగు మనకు ఇది వేరొకరు బోధింపనక్కరలేదు.

పట్టణవాసులు కొందరు "రైతు పన్ను కట్టడు" అందురు. ఇదియు సరి కాదు. వ్యవసాయపు రాబడిపై కేంద్రప్రభుత్వపు ఆదాయపు పన్ను లేనిమాట నిజమే. కాని 2017 జూలై 1వ తేదీనుండి అమలులో నున్న వస్తుసేవల పన్ను పురుగుమందు డబ్బాలోను, సిమెంటు బస్తాలోను, ట్రాక్టరు టైరులోను గలిసియే యున్నది. కూలివాడును సబ్బుబిళ్ళ కొన్నప్పుడు ఖజానాకు తన వంతు ఇచ్చుచున్నాడు. మన యెగవేతవలన తగ్గిన సొమ్ములో ఆ కూలివాని పైసయు పూడ్చవలసివచ్చునని మరువరాదు. వ్యాపారపు లాభమును సేద్యపు రాబడియని చూపి తప్పించుకొను పెద్దలును గలరు. వారు మన పేరు చెప్పి దొంగిలించుచున్నారు. అట్టివారికి సర్వే నంబరు అరువిచ్చుట రైతునకు తగదు.

పన్ను చెల్లించుట పౌరుల ప్రాథమిక విధులలో నొకటిగా నుండవలెనని 1976లో స్వరణ్ సింగ్ సంఘము సూచించెను. ఆ యేట 42వ సవరణచే రాజ్యాంగములో చేరిన పది విధులలో అది చేరలేదు. చేరకున్ననేమి? పన్నుచట్టము ఎట్లును కలదు. చట్టము భయమును పుట్టించును. ధర్మము పొరుగువాని మొగము చూచినప్పుడు పుట్టును. మాకది ఆ వృద్ధరైతు మొగము చూచినప్పుడు పుట్టినది.

ప్రభుత్వమునకును ధర్మము కలదు. పశువును పాలు పిదుకవచ్చును గాని పొదుగు కోయరాదు. కరవు వచ్చిన యేట, తుపానున పైరు పడిపోయిన యేట, రైతు గడప కడకు వచ్చి జప్తు మాట పలుకుట పాలనము గాదు. అట్టి యేడు మాఫీ యడుగుట బిచ్చమెత్తుట గాదు. అది మన హక్కు. అర్జీ సకాలమున పెట్టుడు. నష్టము పంట పొలముననుండగనే చూపించి వ్రాయించుడు.

మా యన్నగారి సంగతి చెప్పి ముగింతుము. మరుసటి అజమాయిషీలో ఆయనయే గ్రామ రెవెన్యూ ఉద్యోగిని చేనికి బిలుచుకొనిపోయి, గొట్టము చూపి, మాగాణియని వ్రాయించిరి. "నీ పోరు పడలేకరా" అనిరి. ఆయనను జూచి ఇద్దరు ముగ్గురు వ్రాయించుకొనిరి, తక్కినవారు నవ్విరి. ఆ యేడు చివరి చేలన్నిటికిని నీరందినదని చెప్పజాలము. వృద్ధరైతు మడులలో సగము మాత్రమే నాట్లు పడినవి. ఐనను, మేమా గట్టున నడచి వెళ్ళినపుడు తల యెత్తుకొని ఆయనను పలుకరింపగలిగితిమి.

కాలువలకు నీరు విడుచు దినములు సమీపించుచున్నవి. మీ చేను లెక్కలో ఏమని వ్రాయబడియున్నదో ఒకసారి చూచికొనుడు. బాకీ యున్న చెల్లించి రసీదు పుచ్చుకొనుడు. ఆ రసీదు చేతబట్టుకొని సంఘ సమావేశమునకు వెళ్ళి, పూడిక ఎప్పుడు తీయుదురని గట్టిగా నడుగుడు. ఇదియే మా మనవి.