డ్వార్ఫ్ ఆవిష్కర్త పాత్ర

డ్వార్ఫ్ ఆవిష్కర్త అనేది డంజన్స్ అండ్ డ్రాగన్స్ వంటి కాల్పనిక పాత్రధారణ ఆటలలో ఆటగాడు తనకోసం రూపొందించుకొనే పాత్రలలో ఒకటి. ఈ ఆటలో కొందరు బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి, పాచికల సాయంతో కథను ముందుకు నడుపుతారు. కథాలోకాన్ని నిర్వహించే వ్యక్తిని డంజన్ మాస్టర్ అంటారు. డ్వార్ఫ్‌లు కొండల క్రింద నగరాలు నిర్మించుకొని నివసించే, పొట్టిగా దృఢంగా ఉండే కల్పిత జాతి. మరుగుజ్జు అనే తెలుగు మాట నిజమైన మనుషులకు వర్తిస్తుంది కనుక ఇక్కడ డ్వార్ఫ్ అనడమే సబబు.

పురాణ మూలాలు

ఈ పాత్రకు మూలం ఉత్తర ఐరోపాకు చెందిన నార్స్ పురాణగాథలలో ఉన్నది. 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్ రచయిత స్నోరి స్టర్లూసన్ కూర్చిన గద్య ఎడ్డా ప్రకారం థోర్ దేవుని సుత్తిని బ్రోక్, సింద్రి అనే డ్వార్ఫ్ సోదరులు తయారుచేశారు. కొలిమి తిత్తి ఊదుతున్న బ్రోక్‌ను ఒక ఈగ కనురెప్పపై కుట్టగా అతడు క్షణకాలం చేయి ఆపాడు. ఫలితంగా సుత్తి పిడి పొట్టిదైపోయింది. అయినా దేవతలు ఆ సుత్తినే అన్నిటికన్నా ఉత్తమమైనదిగా ఎంచారు. మరొక గాథలోని ఆల్విస్ పేరుకు అన్నీ తెలిసినవాడని అర్థం. థోర్ అడిగిన ప్రశ్నలన్నిటికీ రాత్రంతా సమాధానాలు చెప్పి, తెల్లవారిన సంగతి గమనించక సూర్యకాంతికి చిక్కుకున్నాడు. ఆవిష్కర్తకైనా పండితునికైనా కథను ఇచ్చేది అతని లోపమేనని ఈ రెండు గాథల వలన తెలుస్తుంది.

ఆటలో స్థానం

గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో అమెరికాలో వెలువరించిన తొలి నియమాలలో డ్వార్ఫ్‌లకు యోధుని వృత్తి మాత్రమే ఉండేది. 2000లో వచ్చిన మూడవ కూర్పు ఏ జాతివారైనా ఏ వృత్తినైనా చేపట్టవచ్చునన్నది. కీత్ బేకర్ సృష్టించిన ఎబెరాన్ లోకపు పుస్తకం 2004లో రాగా, అందులో మంత్రశక్తిని వస్తువులలో నింపే ఆర్టిఫిసర్ వృత్తి ఉన్నది. అయిదవ కూర్పులో ఈ వృత్తి 2019లో చేరింది.

అంకెల లెక్క

2014 నాటి నియమాలలో ఆరు సామర్థ్యాలకు 15, 14, 13, 12, 10, 8 అనే సంఖ్యలను పంచుకోవచ్చు. ఆవిష్కర్తకు 15ను బుద్ధికి, 14ను దేహదారుఢ్యానికి ఇవ్వడం ఉచితం. డ్వార్ఫ్ జాతి వలన దారుఢ్యం 16 అవుతుంది. బుద్ధికి మాత్రం అదనంగా ఏమీ రాదు. అందుచేత ఇతడు పుట్టుకతో మేధావి కాడు, కష్టపడి చదివినవాడు. బుద్ధి 15కు పాచికపై +2 కలుస్తుంది. అయితే రాతికట్టడాల చరిత్ర విషయంలో డ్వార్ఫ్‌లకు నైపుణ్యపు అంకె రెట్టింపవుతుంది. ఆ విధంగా మొదటి స్థాయిలోనే +6 వస్తుంది. 15 కావలసిన చోట ఇతరులకు, అదే బుద్ధి ఉన్నా, నూటికి 40 వంతుల అవకాశముంటే ఇతనికి 60 వంతులుంటుంది. ఒక పాత శిలాద్వారం ముందు నిలిచినపుడు ఈ తేడా విలువ తెలుస్తుంది.

2024 నాటి సవరణలో సామర్థ్యాల పెంపు జాతి నుండి పూర్వనేపథ్యానికి మారింది. పండిత నేపథ్యాన్ని ఎంచుకొంటే బుద్ధిని 17కు పెంచవచ్చు.

స్వభావం, పరిమితులు

2014 నియమాల ప్రకారం డ్వార్ఫ్‌లు సుమారు 350 సంవత్సరాలు జీవిస్తారు. 50 ఏళ్ళ వరకూ పిన్నవారే. కాబట్టి 120 ఏళ్ళ పాత్రకు కూడా పాత వైఫల్యమొకటి ఉండవచ్చు. ఉదాహరణకు, అతడు చేసిన నీరు తోడే యంత్రం ఆగిపోయి ఒక గని మునిగిందనుకొంటే, ఆ గనివారికి అతడు ఋణపడి ఉంటాడు. "గొప్ప శాస్త్రజ్ఞుడు" అని మాత్రమే వ్రాసుకొన్న పాత్రకు ఇటువంటి పని దొరకదు.

ఆటగాడు తనకు తెలిసిన ఆధునిక రసాయనశాస్త్రాన్ని పాత్ర నోట పలికించి తుపాకిమందు తయారుచేయబోవడం తరచు కనిపించే పొరపాటు. ఏ ఆవిష్కరణ సాధ్యమో, దానికి ఎన్ని రోజులు, ఏ సామగ్రి కావాలో డంజన్ మాస్టర్‌తో ముందే మాట్లాడుకోవాలి. లేనిచో ఒక్కరి యంత్రాల ముచ్చటకే మిగిలినవారి సమయమంతా చెల్లిపోతుంది.

2019 నాటి నియమాలలోనే కొంత అదుపు ఉన్నది. రెండవ స్థాయి ఆర్టిఫిసర్ ఒకేసారి రెండు వస్తువులలో మాత్రమే శక్తిని నింపగలడు. మూడవదానిలో నింపితే అన్నిటికన్నా పాతది మామూలు వస్తువైపోతుంది. అతడు మరణిస్తే, బుద్ధి 15 అయినపుడు, రెండు రోజులలో రెండింటి శక్తీ పోతుంది. మిగిలేది అతని చేతివ్రాత పుస్తకమే కనుక, అది ఏ సహచరునికి చేరాలో ఆటగాడు పాత్రపత్రంలో ముందే వ్రాసి ఉంచుకోవడం మంచిది.