పన్నెండు వోల్టుల పేచీ

గాజువాక ఆటోనగర్‌లో తెలిసినాయన లేత్ షాపుంది. అక్కడి డెస్క్‌టాప్ మదర్‌బోర్డు కాలిపోతే, హార్డ్ డిస్కు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. "పదేళ్ళ డ్రాయింగులు దీంట్లోనే ఉన్నాయండి. మీ లాప్‌టాప్‌కి తగిలించి తీసి పెట్టండి" అన్నాడు.

తగిలించడమే అసలు పేచీ. అదెందుకో దీని వంశచరిత్ర చూస్తే తెలుస్తుంది. ఈ డబ్బాకి ముత్తాత 1956లో అమెరికాలో పుట్టిన ఐబీఎం 350. రెండడుగుల వెడల్పు పళ్ళేలు 50, బరువు టన్నుకు దగ్గర, పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇప్పటి ఫోను ఫొటోలు ఒకటో రెండో పెడితే సరి! 1980లో సీగేట్ దాన్ని అయిదుంపావు అంగుళాలకు దించింది. 1983లో స్కాట్లాండు కంపెనీ రోడైమ్ మూడున్నరకు, 1988లో ప్రెయిరీటెక్ రెండున్నరకు తెచ్చాయి. ఆ చివరి రెండే వేరుకాపురాలు పెట్టాయి: మూడున్నర డెస్క్‌టాప్‌లో, రెండున్నర లాప్‌టాప్‌లో.

వేరుపడ్డాక తిండీ మారింది. చిన్నదానికి 5 వోల్టులు చాలు. పెద్దదానికి బోర్డుకు 5, మోటారుకు 12 కావాలి. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పళ్ళేలను ఆగినచోటి నుంచి కదిలించడానికి ఆ 12 వోల్టుల తీగలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, అంటే 24 వాట్లు. మామూలు యూఎస్‌బీ 3 పోర్టు ఇచ్చేది నాలుగున్నర వాట్లే.

పక్కనే ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ విని, "పన్నెండేనా? బ్యాటరీ తెస్తానుండండి" అని లేచాడు. ఆటోనగర్‌లో దానికేం కరువు! కానీ వద్దన్నాను. ఛార్జింగులో ఉన్న బ్యాటరీ 14 వోల్టులు దాటుతుంది. డిస్కు అంత హెచ్చు ఓర్చుకోదు.

డిస్కు సాటా కనెక్టర్‌ను యూఎస్‌బీకి కలిపే, సొంత పవర్ ఉన్న సాటా–యూఎస్‌బీ అడాప్టర్ తెచ్చాం. ముందు పవర్, డిస్కు తిరగడం మొదలయ్యాక యూఎస్‌బీ. అవతల పవర్ ప్రెస్ దడదడలాడుతోంది. పళ్ళేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ డేటా చదివే హెడ్డుకు ఆ అదురు గండమే. ప్రెస్ ఆపించాకే కాపీ మొదలుపెట్టాను. డ్రాయింగులన్నీ వచ్చాయి.

మీ డిస్కు టకటకమంటే వెంటనే పవర్ తీసేయండి. "ఫార్మాట్ చేయాలా" అని విండోస్ అడిగితే వద్దనండి. అడాప్టర్ కొనేటప్పుడు 12 వోల్టుల పవర్ సప్లై కూడా ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అది రెండున్నర అంగుళాల డిస్కుకే పనికొస్తుంది.