వంగిన బొటనవేలికి శస్త్రచికిత్స

బనియన్ అనగానే మనకు చొక్కా లోపల తొడుక్కొనే బనీను స్ఫురిస్తుంది. న్యూజిలాండ్ వైద్యులు ఆ పేరుతో పిలిచేది కాలి బొటనవేలి మొదట్లో, పాదం లోపలి అంచున ఉబికివచ్చే బొడిపెను. అది అదనంగా పెరిగిన ఎముక అనీ, చెక్కివేస్తే సరిపోతుందనీ చాలామంది భావిస్తారు. నిజానికి అక్కడ పెరిగినది స్వల్పమే. బొటనవేలిని మోసే మెటాటార్సల్ ఎముక ఒకవైపుకూ, వేలు రెండవ వేలివైపుకూ ఒరగడం వలన వాటి నడుమనున్న కీలు బయటికి పొడుచుకువస్తుంది. ఈ ఒరుగుదల 15 డిగ్రీలు దాటితే వైకల్యంగా పరిగణిస్తారు.

దోషం వంశానిదా, పాదరక్షలదా? రెండింటికీ పాత్ర ఉన్నది. 1958లో ప్రచురితమైన ఒక హాంకాంగ్ పరిశీలనలో బూట్లు ధరించేవారిలో 33 శాతం మందికి, ధరించనివారిలో సుమారు 2 శాతం మందికి ఈ వంకర కనిపించింది. చెప్పులతో పెరిగి, ఇక్కడి చలికీ ఉద్యోగాలకూ మొన సన్నని బూట్లలోకి మారిన మన స్త్రీలు ఈ అంకెలను గమనించాలి.

శస్త్రచికిత్సలో మెటాటార్సల్ ఎముకను కోసి, దాని తలను పక్కకు జరిపి, స్క్రూలతో బిగిస్తారు. స్వల్పమైన వంకరకు ఎముకను ఆంగ్లాక్షరం 'వీ' ఆకారంలో కోసే షెవ్రాన్ పద్ధతి చాలును. ఎముక మూలంలోని కీలే సడలినప్పుడు దానిని శాశ్వతంగా అతికించివేసే లాపిడస్ పద్ధతిని ఎన్నుకొంటారు. స్క్రూలు తరచుగా టైటానియం మిశ్రలోహంతో చేసినవి. ఈ లోహం ఆక్సీకరణం చెందదని కొందరంటారు. రసాయనశాస్త్రరీత్యా అది పొరపాటు. గాలి సోకిన మరుక్షణమే చెందుతుంది. అలా ఏర్పడిన, కొన్ని నానోమీటర్ల మందం మాత్రమే గల ఆక్సైడు పొర లోహాన్ని అంటిపెట్టుకొని కవచమౌతుంది. గీరుకుపోయినా తిరిగి ఏర్పడుతుంది. అందువల్లనే శరీరద్రవాలలోని ఉప్పు దానిని తినివేయలేదు.

ఎముక అతకడానికి సుమారు 6 వారాలు, వాపు పూర్తిగా తీయడానికి నెలలు పడుతుంది. కీలు బిగుసుకుపోవచ్చును, వంకర మళ్ళీ రావచ్చును. ధూమపానం ఎముక అతుకుటను ఆలస్యం చేస్తుంది. మనలో విస్తారంగా ఉన్న మధుమేహం అదుపు తప్పితే గాయం మానదు.

ఖర్చు మాటకు వస్తే, 1974లో అమలులోకి వచ్చిన ఏసీసీ పథకం ప్రమాదాల గాయాలకు ఉద్దేశించినది. ఏళ్ళ తరబడి క్రమంగా ఏర్పడే బనియన్ సాధారణంగా దాని పరిధిలోకి రాదు. ప్రభుత్వ ఆసుపత్రులు అవసరపు తీవ్రతను బట్టి వరుస నిర్ణయిస్తాయి. తక్కినవారికి బీమా, లేదా స్వంత ధనం. కనుక నొప్పిలేని బొడిపెను కేవలం అందం కోసం కోయించుకొనడం తగదని నా అభిప్రాయం. వెడల్పాటి బూట్లు వంకరను సరిచేయలేవు గాని, నొప్పిని చాలావరకు తగ్గించగలవు. అప్పటికీ నడక కష్టమైతే వైద్యుని సంప్రదించి, ఎక్స్‌రేను నిలబడియే తీయించుకోవాలి. బరువు మోపని పాదంలో వంకర అసలుకన్నా తక్కువగా కనబడవచ్చును.