లేచి నిలిచే బలం

అలిపిరి నుండి తిరుమలకు 3,550 మెట్లు. వాటి మాట అటుంచితే, పూజ ముగిశాక పీట మీద నుండి ఒకరి చేయూత లేకుండా లేవడమే పెక్కుమంది పెద్దలకు కష్టమవుతున్నది. వయోభారమని సరిపెట్టుకుంటాము గాని, తొడ కండరాలు క్షీణించడానికి వాటికి తగిన పని లేకపోవడమూ ఒక కారణమే. అమ్మను కదలనీయక అన్నీ చేతికందించే బిడ్డల ప్రేమకు సైతం ఇందులో కొంత పాలున్నది.

పోయిన బలం తిరిగి వస్తుంది. అమెరికాలోని బోస్టన్ నగరంలో, వృద్ధాశ్రమవాసులైన 90 ఏళ్ల వారి చేత వైద్యురాలు మేరియా ఫియాటరోన్ బృందం 8 వారాలపాటు కాళ్లతో బరువులు ఎత్తించింది. 1990లో ప్రకటించిన ఫలితాల ప్రకారం వారి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. నడక వేగమూ హెచ్చింది.

నడక గుండెకు మేలు చేస్తుంది. లేచి నిలిచే బలానికి మాత్రం అదొక్కటే చాలదు. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుండి, చేతుల ఆసరా లేకుండా మెల్లగా లేవాలి, అంతకంటె మెల్లగా కూర్చోవాలి. తొలినాళ్లలో చేతులు ఆనించినా తప్పులేదు. 8, 10 మార్లు చేసేసరికి తొడలు అలసిపోవాలి. సులువైపోయిన నాడు మరికొంత పెంచాలి. వారానికి రెండు మూడు రోజులు, నడుమ ఒకనాడు విశ్రాంతి. ఊపిరి బిగబట్టరాదు. గుండె జబ్బు ఉన్నవారు, మోకాళ్లకు శస్త్రచికిత్స జరిగినవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి.