కుక్కల రక్తనిధులు: దాతకు దక్కవలసిన రక్షణ

కుక్కలకు కూడా రక్తం ఎక్కించవలసిన సందర్భాలు ఉంటాయన్న సంగతి, వాటిని ఇంట్లో పెంచుకొనేవారిలో చాలామందికి అవసరం మీద పడేదాకా తెలియదు. రోడ్డు ప్రమాదంలోనో శస్త్రచికిత్సలోనో రక్తం ఎక్కువగా పోయినప్పుడు, పిడుదుల ద్వారా సంక్రమించే బేబిసియా, ఎర్లీకియా వంటి సూక్ష్మజీవుల వల్ల రక్తహీనత ముదిరినప్పుడు, ఎలుకల మందు తిన్న కుక్కలో రక్తం గడ్డకట్టే శక్తి నశించి లోలోపలే రక్తస్రావం జరుగుతున్నప్పుడు, మందులు పనిచేసేంతవరకు ప్రాణం నిలవాలంటే మరొక కుక్క రక్తమే ఆధారం.

ఈ చికిత్స పుట్టుక దాతల పాలిట క్రూరమైనదే. 1660లలో ఆక్స్‌ఫర్డ్‌లో రిచర్డ్ లోయర్ అనే వైద్యుడు ఒక కుక్క రక్తాన్ని మరొక కుక్క శరీరంలోకి పంపి చూశాడు. 1666 నవంబరులో లండన్ రాయల్ సొసైటీ సభ్యుల ఎదుట అటువంటి ప్రయోగమే జరిగినట్టు, అందులో రక్తమిచ్చిన కుక్క చనిపోయినట్టు శామ్యూల్ పెపీస్ తన దినచర్యలో రాసుకున్నాడు. తనంత తానుగా సరేననలేని జీవి నుంచి రక్తం తీసుకొనేటప్పుడు దాని క్షేమానికి పూచీ ఎవరిదన్న ప్రశ్న నాటి నుంచీ ఈ వైద్యాన్ని వెన్నంటే ఉంది.

కుక్కల్లోనూ రక్తవర్గాలు ఉన్నాయి. ఎర్ర రక్తకణాల ఉపరితలం మీద ఉండే యాంటిజెన్లు అనే గుర్తు పదార్థాలను బట్టి వాటిని విభజిస్తారు. వైద్యంలో అన్నిటికన్నా ముఖ్యమైనది డీఈఏ 1 అనే యాంటిజెన్. అది ఉన్న కుక్కలను పాజిటివ్ అనీ, లేనివాటిని నెగటివ్ అనీ అంటారు. డీఈఏ 1కు వ్యతిరేకంగా పనిచేసే యాంటీబాడీలు కుక్కలకు పుట్టుకతో ఉండవు కాబట్టి మొదటిసారి వర్గం కలవని రక్తం ఎక్కించినా తక్షణ ప్రమాదం అరుదు. అయితే కొద్దిరోజుల్లోనే నెగటివ్ కుక్క శరీరం పాజిటివ్ కణాలను శత్రువులుగా గుర్తించడం నేర్చుకుంటుంది కనుక, రెండోసారి అదే పొరపాటు ప్రాణాంతకం కావచ్చు. అందుకే వర్గ నిర్ధారణతో పాటు, దాత రక్తాన్ని రోగి రక్తంతో కలిపి చూసే క్రాస్ మ్యాచింగ్ పరీక్ష కూడా అవసరమవుతుంది.

స్వచ్ఛంద సేవ ఎలా నడవాలో చూపే మంచి ఉదాహరణ బ్రిటన్‌లో 2007లో మొదలైన పెట్ బ్లడ్ బ్యాంక్ యూకే అనే ధార్మిక సంస్థ. పశువైద్యశాలల్లో శిబిరాలు పెట్టి, యజమానులు తీసుకొచ్చిన పెంపుడు కుక్కల నుంచి అది రక్తం సేకరిస్తుంది. దాత వయసు ఏడాదికి తగ్గకూడదు, ఎనిమిదేళ్లకు మించకూడదు. బరువు 25 కిలోలకు పైబడాలి. టీకాలన్నీ వేయించి ఉండాలి. అన్నిటికీ మించి కొత్తవారిని చూసి బెదరని స్వభావం కావాలి. మెడలోని పెద్ద సిర నుంచి సుమారు 450 మిల్లీలీటర్లు తీస్తారు. పాతిక కిలోల కుక్కలో రెండు లీటర్లకు పైగా రక్తం ఉంటుంది కనుక ఆరోగ్యంగా ఉన్న కుక్క ఆ లోటును తట్టుకొని కొద్ది వారాల్లో భర్తీ చేసుకోగలదు. తీసేందుకు పట్టేది పది నిమిషాలలోపే. మత్తుమందు ఇవ్వరు, కుక్క ఇబ్బంది పడితే అంతటితో ఆపేస్తారు. తరువాత ఆహారం పెట్టి పంపుతారు. తాను ఒక ప్రాణం నిలిపానన్న ఎరుక దానికి ఉండదు, తినుబండారం దొరికిందన్న సంతోషం మాత్రం ఉంటుంది. ఎర్రకణాలను, ప్లాస్మాను వేరుచేసి నిల్వచేస్తారు. ఒక సంచి రక్తం నాలుగు కుక్కల వరకు అక్కరకు రావచ్చు. కుక్కల్లో నెగటివ్ వర్గం సుమారు 30 శాతమేనని ఆ సంస్థ చెబుతున్నందువల్ల అటువంటి దాతలకు గిరాకీ మరింత ఎక్కువ.

దీనికి పూర్తిగా భిన్నమైన పద్ధతి అమెరికాలోని కాలిఫోర్నియాలో చాలాకాలం నడిచింది. అక్కడి వాణిజ్య రక్తనిధులు కేవలం రక్తం కోసమే కుక్కలను, ముఖ్యంగా గ్రేహౌండ్లను, బోనుల్లో పెంచుతూ వచ్చాయి. రోగపరీక్షలు సులభమనీ, సరఫరాకు లోటు ఉండదనీ ఆ పద్ధతిని సమర్థించినవారి వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు గానీ, రక్తమివ్వడమే బతుకైన జంతువును దాత అనడం సమంజసం కాదు. 2021లో వచ్చిన చట్టం పెంపుడు కుక్కల నుంచి సేకరణకు దారి తెరిచి, ఆ సరఫరా తగినంత పెరిగాక బోనుల కేంద్రాలను క్రమంగా తొలగించాలని నిర్దేశించింది.

భారతదేశంలో చెన్నైలోని మద్రాసు పశువైద్య కళాశాల జంతు రక్తనిధిని నెలకొల్పింది. 2025లో కేంద్ర పశుసంవర్ధక శాఖ జంతువుల రక్తమార్పిడికి మార్గదర్శకాలు వెలువరించి, ప్రతిఫలం ఆశించని స్వచ్ఛంద దానానికే ప్రాధాన్యమిచ్చింది. ఇక్కడి చిక్కులు వేరు: విదేశాలకు వెళ్లొచ్చిన కుక్కలను బ్రిటన్ సంస్థ దాతలుగా తీసుకోదు, కాని పిడుదుల జ్వరాలు ఎల్లెడలా ఉన్న ఈ దేశంలో ప్రతి దాతనూ పరీక్షించక తప్పదు, పైగా నాటు కుక్కల్లో చాలావరకు దాతకు కావలసిన 25 కిలోల బరువుకు చేరవు.

కనుక తెలుగు రాష్ట్రాల్లో లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతులను పెంచుతున్నవారు పిడుదుల నివారణ, టీకాలు క్రమం తప్పక చేయిస్తూ, తమ కుక్క రక్తవర్గాన్ని ముందే తెలుసుకొని, దాతగా పేరు నమోదు చేసే వీలుందేమో పశువైద్యుని అడగాలి. రక్తం తీసే బల్ల దగ్గర కుక్క బెదిరి వెనక్కి లాగితే, ఎంత అవసరమున్నా దానిని ఇంటికి తీసుకుపోయే హక్కు తమకు ఉందని కూడా గుర్తుంచుకోవాలి.