సరిచేసిన పళ్ళు – సరిచూచుకొను కళ్ళు

‘కాకి పిల్ల కాకికి ముద్దు’ అన్నది మన సామెత. తాను చేసిన పనిలోని దోషము తనకు కనిపించుట కష్టము. పరీక్ష వ్రాసి వచ్చిన విద్యార్థికి ఈ మాట ఎంత వర్తించునో, వైద్యునికిని అంతే వర్తించును. వంకర పళ్ళను సరిచేయు ఆర్థోడాంటిక్స్ శాఖలో ఈ కష్టమును దాటుటకు ఒక చక్కని పద్ధతి కలదు. దానిని విద్యార్థి మిత్రులకు పరిచయము చేయుటయే మా ఉద్దేశము.

ఈ శాఖ నిపుణుల యోగ్యతను పరీక్షించుటకు 1929లో అమెరికన్ బోర్డ్ ఆఫ్ ఆర్థోడాంటిక్స్ ఏర్పడినది. దాని తొలి అధ్యక్షుడు ఆల్బర్ట్ కెచమ్. చికిత్సలో పళ్ళను కదల్చినప్పుడు కొందరికి పంటి వేళ్ళు కరిగి పొట్టివగుటను ఆయన ఎక్స్-రేల ద్వారా చూపెను. అనగా తమ వైద్యము వలన కలుగు కీడును దాచని వాడే ఆ సంస్థకు మొదటి పెద్ద అయినాడు.

చాలాకాలము అభ్యర్థులు తాము చికిత్స చేసిన వారి రికార్డులనే పరీక్షకుల ముందు ఉంచెడివారు. 2019 నుండి బోర్డే ఇచ్చిన సందర్భములపై ప్రశ్నలు అడుగుచున్నారు. అయినను ఫలితమును విమర్శించి చూచుట నేటికిని ఆ పరీక్షలోని నాలుగు విభాగములలో ఒకటి.

1998లో ప్రకటించిన కొలత పద్ధతిలో చూడవలసిన అంశములు ఎనిమిది: పళ్ళ వరుస, ప్రక్కప్రక్క దవడపళ్ళ అంచుల ఎత్తు, దవడపళ్ళ వాలు, పై క్రింది పళ్ళ పొందిక, అవి ఒకదానినొకటి తాకు తీరు, పై పళ్ళు క్రింది వాటికంటె ముందుకు వచ్చిన దూరము, పళ్ళ నడుమ సందులు, వేళ్ళ వాలు. మొదటి ఏడింటిని ప్లాస్టర్ అచ్చుపై, చివరిదానిని ఎక్స్-రేలో చూచెదరు. పన్ను వరుస నుండి అర మిల్లీమీటరు దాటి తొలగినచో ఒక మార్కు, ఒక మిల్లీమీటరు దాటినచో రెండు మార్కులు పోవును.

అయితే కొలత తప్పు ఎక్కడ ఉన్నదో మాత్రమే చెప్పును. ఎందుకు వచ్చినదో విమర్శ చెప్పవలెను. ఒక ఉదాహరణము చూతము. చికిత్స ముగిసినది, నవ్వు అందముగా ఉన్నది, తల్లిదండ్రులు సంతోషించిరి. కాని పై పళ్ళు ఇంకను ముందుకే ఉన్నవి. ‘రోగి రబ్బరు బాండ్లు సరిగా వేసికొనలేదు’ అని వ్రాయుట సులభము. ‘వేసికొనుట లేదని మొదటి నెలలలోనే తెలిసినను మేము ప్రణాళికను ఎందుకు మార్చలేదు?’ అని ప్రశ్నించుకొనుట కష్టము. నిజమైన విమర్శ అక్కడనే మొదలగును.

మిగిలిన ప్రతి లోపమును పొరపాటే అనుటయు న్యాయము కాదు. వేళ్ళు కరుగుచున్నవని తెలిసినప్పుడు, కొన్ని మార్కులు పోయినను చికిత్సను ఆపుటయే వివేకము. అచ్చుపై పూర్తి మార్కులు వచ్చినను చిగుళ్ళు చెడినచో అది విజయము కాదు. కనుక విమర్శకుడు అచ్చుతో పాటు మనిషిని కూడ చూడవలెను.

మనమును పరీక్షలు వ్రాయువారమే. దిద్దిన జవాబు పత్రము చేతికి వచ్చినప్పుడు మార్కులు చూచి మడిచి పెట్టుట మనకు అలవాటు. ఏమి సాధింపదలచితిమి, ఏది తప్పినది, మరల వ్రాసినచో ఏమి మార్చెదము అను మూడు ప్రశ్నలు వేసికొన్నచో, పోయిన మార్కులు కూడ మనకు చదువు చెప్పగలవు.