నలుపు-తెలుపు ఫొటో ప్రింటు: ఇంకు, కాగితం ఎంపిక

ఉపోద్ఘాతం

ఫొటో స్టూడియోకు ఈనాటికీ తరచు వచ్చే పని ఒకటి ఉంది. ఒక కుటుంబం తమ నాన్నగారిదో, అమ్మమ్మదో పాత నలుపు-తెలుపు ఫొటో తీసుకువస్తుంది. చాలాసార్లు వారి దగ్గర ఉన్నది ఆ ఒక్క ఫొటోయే. దాన్ని పెద్దదిగా చేసి, అద్దం కట్టించి గోడకు తగిలించాలి. స్కాన్ చేయడం, గీతలు తొలగించడం మీరు వెనకటి పాఠంలో నేర్చుకున్నారు. కంప్యూటర్ తెరమీద బొమ్మ బాగానే ఉంటుంది. ప్రింటు తీశాక ముఖం కొంచెం ఆకుపచ్చగానో, గులాబీగానో కనిపిస్తుంది. లేదా ప్రింటు ఆ రోజు బాగానే ఉండి, రెండేళ్లకు వెలిసిపోతుంది.

ఈ రెండు లోపాలకూ కారణం చాలావరకు ప్రింటర్ కాదు, ఇంకునూ కాగితాన్నీ విడివిడిగా ఎంచుకోవడం. నలుపు-తెలుపు ప్రింటుకు ఇంకు, కాగితం ఒక జత. ప్రింటు ఎక్కడ ఉంటుంది, ఎంతకాలం ఉండాలి అన్నదాన్ని బట్టి ఆ జతను ఎలా నిర్ణయించాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:

- నలుపు-తెలుపు ప్రింటులో రంగు ఛాయ ఎందుకు కనిపిస్తుందో వివరించగలుగుతారు;
- డై ఇంకుకూ, పిగ్మెంట్ ఇంకుకూ తేడా చెప్పగలుగుతారు;
- కాగితాన్ని చూసి, తాకి, పరీక్షించి దాని రకాన్ని గుర్తించగలుగుతారు;
- పనికి తగిన ఇంకు-కాగితం జతను ఎంచుకోగలుగుతారు.

1. నలుపు-తెలుపు ప్రింటు ఎందుకు కష్టం?

రంగుల ఫొటోలో చీర ఎరుపు కొంచెం మారినా ఎవరూ పట్టించుకోరు. నలుపు-తెలుపు ఫొటోలో అలా కుదరదు. నలుపుకూ తెలుపుకూ మధ్య ఉండే బూడిద ఛాయల్లో ఏ కాస్త రంగు కలిసినా మన కన్ను వెంటనే పసిగడుతుంది.

మామూలు ప్రింటర్‌లో నాలుగు ఇంకులుంటాయి: నీలం, గులాబీ, పసుపు, నలుపు. బూడిద రంగు కావాలంటే ప్రింటర్ మొదటి మూడింటినీ చుక్కలు చుక్కలుగా కలుపుతుంది. వాటి పాళ్లు ఏమాత్రం తప్పినా బూడిద రంగు ఏదో ఒక వైపు మొగ్గుతుంది. పైగా పగటి వెలుగులో సరిగ్గా ఉన్న ప్రింటు ట్యూబులైటు కింద వేరుగా కనబడవచ్చు. 2000 ప్రాంతంలో వచ్చిన తొలి పిగ్మెంట్ ఫొటో ప్రింటర్లలో ఈ లోపం బాగా కనిపించేది. గదిలో చూసిన ప్రింటు కిటికీ దగ్గరకు తెస్తే పచ్చబడేది.

ఇంకొక విషయం గమనించండి. ఆఫీసు పనికి అమ్మే కొన్ని ట్యాంకు ప్రింటర్లలో నలుపు మాత్రం పిగ్మెంట్ ఇంకు, మిగిలిన మూడూ డై ఇంకులు. గ్లాసీ ఫొటో కాగితం ఎంచుకోగానే ఆ ప్రింటర్ నల్ల ఇంకును పక్కనపెట్టి, మూడు రంగులతోనే నలుపును తయారుచేస్తుంది. అందుకే ఉత్తరాలు కారు నలుపుతో వచ్చే ప్రింటర్‌లో ఫొటో మాత్రం గోధుమ ఛాయతో వస్తుంది.

2. ఇంకుల రకాలు

2.1 డై ఇంకు

నీళ్లలో పంచదార కరిగినట్టు రంగు పూర్తిగా ద్రవంలో కరిగి ఉండేది డై ఇంకు. ఇది కాగితం పైపూతలోకి ఇంకిపోతుంది. గ్లాసీ కాగితంమీద నునుపుగా, మెరుపుగా ఉంటుంది. ధర తక్కువ. చాలా చిన్న స్టూడియోల్లో ఉండే ఆరు రంగుల ట్యాంకు ప్రింటర్లు వాడేది ఈ ఇంకునే.

దీని బలహీనత మన్నిక. ఎండ, గాలిలోని ఓజోన్, తేమ, ఈ మూడూ దీన్ని దెబ్బతీస్తాయి. 2000లో మార్కెట్‌కు వచ్చిన కొన్ని డై ఇంకు ఫొటోలు, అద్దం లేకుండా గాలి తగిలేచోట ఉంచితే, కొన్ని వారాల్లోనే నారింజ రంగుకు తిరిగాయి. ఆ తరవాత డై ఇంకులు ఎంతో మెరుగుపడ్డాయి. కాని ఆ స్వభావం పూర్తిగా పోలేదు.

2.2 పిగ్మెంట్ ఇంకు

నీళ్లలో సున్నం కలిపినట్టు సన్నని రంగు రేణువులు ద్రవంలో తేలుతూ ఉండేది పిగ్మెంట్ ఇంకు. ఒక్కో రేణువు సుమారు మిల్లీమీటరులో పదివేల వంతు ఉంటుంది. రేణువులు కాగితం పైపూతమీద, దాని పైపొరలో నిలిచిపోతాయి. రేణువులో పై అణువులు చెడినా లోపలివి మిగులుతాయి కాబట్టి రంగు చాలాకాలం నిలుస్తుంది. తేమకు పాకదు.

నల్ల పిగ్మెంట్‌లో ముఖ్యమైనది కర్బనం, అంటే మసి. ఇది మనకు కొత్త కాదు. తాళపత్రాలమీద గంటంతో అక్షరాలు గీసి, ఆ గాట్లలో మసి రుద్దేవారు. వందల ఏళ్ల తరవాత కూడా ఆ అక్షరాలు నల్లగానే ఉన్నాయి. కర్బనాన్ని వెలుగు గాని, గాలి గాని సులభంగా మార్చలేవు. అయితే శుద్ధ కర్బనాన్ని పలచన చేస్తే కొంచెం గోధుమ ఛాయ కనిపిస్తుంది. దాన్ని సరిచేయడానికి తయారీదారులు కొద్దిగా ఇతర రంగులు కలుపుతారు.

2.3 రెండు నలుపులు

పిగ్మెంట్ ఫొటో ప్రింటర్లలో సాధారణంగా రెండు నల్ల ఇంకులుంటాయి.

ఫొటో బ్లాక్: గ్లాసీ, లస్టర్ కాగితాలకు.
మ్యాట్ బ్లాక్: మెరుపు లేని కాగితాలకు.

వీటిని తారుమారు చేయకూడదు. మ్యాట్ బ్లాక్ గ్లాసీ కాగితాన్ని పట్టుకోదు, వేలితో రుద్దితే ఊడివస్తుంది. ఫొటో బ్లాక్ మ్యాట్ కాగితంమీద నల్లగా ఉండదు, బొగ్గు చెరిపినట్టు వెలవెలబోతుంది. ప్రింటర్ సెట్టింగులో మీరు ఎంచుకునే కాగితం పేరే ఏ నలుపు వాడాలో నిర్ణయిస్తుంది. కాబట్టి ఆ పేరు సరిగ్గా ఎంచుకోవడం చాలా ముఖ్యం.

2.4 బూడిద ఇంకులు

రంగులు కలిపి బూడిద రంగు చేయడం కంటే బూడిద ఇంకునే ప్రింటర్‌లో ఉంచడం మేలు. 2000లో జాన్ కోన్ పీజోగ్రఫీ అనే పద్ధతిని ప్రవేశపెట్టారు. ఇందులో రంగుల ఇంకుల స్థానంలో ముదురు నుంచి లేత వరకు వివిధ బూడిద ఇంకులు నింపుతారు. 2005లో ఎప్సన్ కంపెనీ నలుపు, లేత నలుపు, అతి లేత నలుపు అనే మూడు స్థాయిలున్న ఇంకులతో ప్రింటర్లు తెచ్చింది. వాటిలో నలుపు-తెలుపు ప్రింటుకు ప్రత్యేకమైన సెట్టింగు కూడా ఉంది. ఈనాడు కొన్ని ట్యాంకు ఫొటో ప్రింటర్లలోనూ ఒక బూడిద ఇంకు ఉంటోంది. నలుపు-తెలుపు పనికోసం ప్రింటర్ కొనేవారు మొదట అడగవలసిన ప్రశ్న ఇది: ఇందులో బూడిద ఇంకు ఉందా?

పాఠ్యాంశ ప్రశ్నలు 1

1. నల్ల పిగ్మెంట్ ఎక్కువకాలం నిలవడానికి కారణమైన పదార్థం ఏది?
2. మ్యాట్ కాగితంమీద ఏ నల్ల ఇంకు వాడాలి?

3. కాగితం రకాలు

ఫొటో కాగితానికి రెండు భాగాలు: లోపలి కాగితం, పైన ఇంకును పట్టుకునే పూత. బరువును చదరపు మీటరుకు గ్రాములలో, అంటే జీఎస్ఎంలో చెబుతారు. జిరాక్సు కాగితం 70 నుంచి 80 జీఎస్ఎం. ఫొటో కాగితాలు చాలావరకు 180 నుంచి 310 మధ్య ఉంటాయి. బరువు ఎక్కువైనంత మాత్రాన కాగితం మంచిది కాదు; పూతే ముఖ్యం.

ఆర్‌సీ కాగితం: లోపలి కాగితానికి రెండు వైపులా సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది. గ్లాసీ, లస్టర్ రకాలు ఎక్కువగా ఇవే. ధర తక్కువ. లస్టర్ రకంమీద వేలిముద్రలు అంతగా కనపడవు.

బెరైటా కాగితం: ఇందులో బేరియం సల్ఫేట్ అనే తెల్లని పొడి పూత ఉంటుంది. పాత డార్క్‌రూమ్ ప్రింట్లను తలపించే మెరుపు వస్తుంది. ధర ఎక్కువ.

పత్తి మ్యాట్ కాగితం: చెక్కగుజ్జుకు బదులు పత్తి పీచుతో చేస్తారు. ఉదాహరణకు హానెమ్యూల్ ఫొటో రాగ్ 308 జీఎస్ఎం కాగితం పూర్తిగా పత్తితో చేసినది. ఆమ్లం లేదు కాబట్టి పెళుసుబారకుండా చాలాకాలం ఉంటుంది. అయితే పైభాగం సున్నితం. గీతలు తొందరగా పడతాయి.

నలుపు ఎంత నల్లగా ఉంటుంది? ప్రింటులోని అతి నల్లని చోటుమీద 100 వంతుల వెలుగు పడిందనుకోండి. మంచి గ్లాసీ కాగితం సుమారు అర వంతు తిప్పి పంపుతుంది. మ్యాట్ కాగితం 2 వంతులకు పైగా పంపుతుంది. అందుకే మ్యాట్ ప్రింటులో నలుపు కొంచెం మెత్తగా కనిపిస్తుంది. ఇది లోపం కాదు. ముసలివారి ముఖచిత్రానికి ఈ మెత్తదనమే నప్పవచ్చు. రాత్రి దృశ్యాలకు, నల్లకోటు తొడిగిన పెళ్లి ఫొటోలకు గ్లాసీ లేదా బెరైటా నప్పుతుంది.

తెలుపు వెనక ఉన్న మోసం: కొన్ని కాగితాలు మల్లెపువ్వులా మెరుస్తాయి. బట్టలకు నీలిమందు పెట్టినట్టు వాటికి తెలుపును పెంచే రసాయనం కలుపుతారు. అది కంటికి కనిపించని అతినీల కిరణాలను పీల్చి నీలి వెలుగుగా మారుస్తుంది. కాలం గడిచేకొద్దీ దాని శక్తి తగ్గి, కాగితం పసుపుబారుతుంది. పరీక్ష సులభం. దొంగనోట్లు పట్టడానికి దుకాణాల్లో వాడే ఊదా దీపం కింద కాగితం ఉంచండి. నీలంగా బాగా వెలిగితే ఆ రసాయనం ఎక్కువగా ఉన్నట్టు. మన కరెన్సీ నోటు పత్తి కాగితం; దానిలోని భద్రతా గుర్తులు తప్ప మిగిలిన భాగం వెలగదు. ఆ తేడా చూస్తే మీకు విషయం అర్థమవుతుంది.

4. జత కలపడం

పని అడిగినప్పుడు ఎక్కడ ఉంచుతారు, ఎంతకాలం ఉండాలి అని మొదట అడగండి. తరవాత ఈ కింది విధంగా నిర్ణయించండి.

- సభలో, సంతాప కార్యక్రమంలో కొద్దిరోజులు ఉంచేది: డై ఇంకు, గ్లాసీ ఆర్‌సీ కాగితం చాలు.
- చేతులు మారే ఆల్బమ్: పిగ్మెంట్ ఇంకు, లస్టర్ ఆర్‌సీ కాగితం.
- తరతరాలు గోడమీద ఉండవలసిన పెద్దల ఫొటో: పిగ్మెంట్ ఇంకు, మెరుపు రసాయనం లేని మ్యాట్ లేదా బెరైటా కాగితం, పైన అద్దం.
- డై ప్రింటర్ మాత్రమే ఉంటే: అదే కంపెనీ ఇంకు, అదే కంపెనీ కాగితం, తప్పనిసరిగా అద్దం. ఎక్కువకాలం ఉండాల్సిన పెద్ద ప్రింటు అయితే పిగ్మెంట్ ప్రింటర్ ఉన్న ల్యాబ్‌కు పంపడం న్యాయం.

సీసాల్లో దొరికే పేరులేని ఇంకులతో జాగ్రత్త. ప్రింటర్ తన కంపెనీ ఇంకును దృష్టిలో ఉంచుకునే పాళ్లు లెక్కవేస్తుంది. ఇంకు మారితే లెక్క తప్పుతుంది. ఆ తప్పు మొదట కనిపించేది బూడిద ఛాయల్లోనే. డై ప్రింటర్‌లో పిగ్మెంట్ ఇంకు పోస్తే నాజిల్ మూసుకుపోవచ్చు.

డబ్బామీద “ఇన్ని సంవత్సరాలు నిలుస్తుంది” అని రాసి ఉంటుంది. ఆ లెక్క ప్రయోగశాలలో, ఒక నిర్ణీత వెలుగు, వేడి, తేమలను అనుకుని వేసినది. చాలాసార్లు అద్దం కింద ఉన్న ప్రింటుకు చెప్పినది. మన ఇళ్లలో పరిస్థితి వేరు. ఆ అంకెను రెండు ఇంకులను పోల్చడానికి వాడండి; గ్యారంటీగా కస్టమర్‌కు చెప్పకండి.

పాఠ్యాంశ ప్రశ్నలు 2

1. ఊదా దీపం కింద కాగితం నీలంగా వెలిగితే ఏమని గ్రహించాలి?
2. ఆల్బమ్‌కు లస్టర్ కాగితం ఎందుకు మేలు?

5. మీరే చేసి చూడండి

1. తెలుపు నుంచి నలుపు వరకు 21 మెట్లున్న బూడిద పట్టీని కంప్యూటర్‌లో తయారుచేయండి. పక్కన ఒక ముఖచిత్రం పెట్టండి.
2. మీ కాగితాన్ని పోస్టుకార్డు సైజుకు కత్తిరించండి. పూత ఉన్న వైపు తెలియకపోతే తడివేలు మూలకు తాకించండి. అంటుకునేది పూత వైపు.
3. ఒక ప్రింటు రంగు సెట్టింగులో, ఇంకొకటి నలుపు-తెలుపు సెట్టింగులో తీయండి. వెనక పెన్సిలుతో సెట్టింగు, కాగితం పేరు, తేదీ రాయండి.
4. 24 గంటలు ఆరనివ్వండి. తడి ప్రింటును చూసి నిర్ణయించకూడదు.
5. పగటి వెలుగులో, ట్యూబులైటు కింద, ఎల్ఈడీ బల్బు కింద చూడండి. చివరి మూడు నల్ల మెట్లు విడివిడిగా కనిపిస్తున్నాయా? ఏ వెలుగులోనైనా రంగు ఛాయ వస్తోందా?
6. రెంటినీ చెరి సగానికి కత్తిరించండి. ఒక్కో సగాన్ని ఎండ తగిలే కిటికీకి అంటించి, రెండో సగాన్ని పుస్తకంలో దాచండి. మూడు నెలల తరవాత పోల్చండి.

ఈ పట్టీలను పారేయకండి. మీ స్టూడియోకు అవే పాఠ్యపుస్తకం.

6. ప్రింటు తీసిన తరవాత

ఆర్‌సీ ప్రింటును పూర్తిగా ఆరకముందే అద్దం కట్టిస్తే లోపల ఆవిరి పొర కడుతుంది. ప్రింటు అద్దానికి ఆనకుండా మధ్యలో అట్ట అంచు పెట్టించండి. దీపారాధన పొగ, వంటగది వేడి, నేరుగా ఎండ తగిలే గోడ మంచివి కావని కస్టమర్‌కు చెప్పండి. పీవీసీ కవర్లలో ఫొటోలు దాచవద్దు. తీరప్రాంతాల్లోనూ, వానాకాలంలోనూ కాగితం ప్యాకెట్లను మూతి మూసి ఉంచండి.

అన్నిటికంటే ముఖ్యమైనది: పాత ఫొటోను కత్తిరించకుండా, మడవకుండా, స్కాన్ చేసిన ఫైలుతోపాటు తిరిగి ఇచ్చేయండి. మీ ప్రింటు పోతే మళ్లీ తీయవచ్చు. ఆ ఫొటో పోతే తిరిగి రాదు.

మీరు నేర్చుకున్నవి

- రంగులు కలిపి చేసే బూడిదలో ఛాయ వస్తుంది. బూడిద ఇంకులున్న ప్రింటర్ మేలు.
- డై ఇంకు మెరుపుకు, పిగ్మెంట్ ఇంకు మన్నికకు.
- ఫొటో బ్లాక్, మ్యాట్ బ్లాక్‌లను కాగితాన్ని బట్టి వాడాలి.
- అతి తెల్లని కాగితం ఎక్కువకాలం తెల్లగా ఉండదు.
- జతను ముందు చిన్న ముక్కమీద పరీక్షించాలి.

పాఠాంత ప్రశ్నలు

1. డై, పిగ్మెంట్ ఇంకుల తేడాలను పట్టికగా రాయండి.
2. ఉత్తరాలు నల్లగా వచ్చే ప్రింటర్‌లో ఫొటో గోధుమ ఛాయతో రావడానికి కారణం వివరించండి.
3. ఒక కుటుంబం తమ తాతగారి ఒకే ఒక్క ఫొటోను 12×18 అంగుళాలకు పెంచమని అడిగింది. వారిని మీరు ఏ ప్రశ్నలు అడుగుతారు? ఏ జతను సూచిస్తారు? ఎందుకు?

పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

1: (1) కర్బనం. (2) మ్యాట్ బ్లాక్.
2: (1) తెలుపును పెంచే రసాయనం ఎక్కువగా ఉందని. (2) చేతులు మారినా వేలిముద్రలు అంతగా కనపడవు కాబట్టి.